బస్తీలో ఉచితంగా డబ్బు లెక్కలు నేర్పుతున్నాం, జనం తగ్గిపోతున్నారు. ఏం మార్చాలి?

క్యాష్‌కౌంటర్ | మార్చి 9, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. బ్యాంకులో 34 ఏళ్లు పనిచేసి నిరుడు రిటైరయ్యాను. ఈ జనవరి నుంచి సికింద్రాబాద్ అడ్డగుట్టలో ఒక కమ్యూనిటీ హాల్లో ప్రతి ఆదివారం సాయంత్రం ఐదింటికి డబ్బు వ్యవహారాల మీద ఉచితంగా క్లాసు చెబుతున్నాను. నాతో పాటు ఇద్దరు పాత సహోద్యోగులు వస్తారు. క్లాసుకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, కొందరు ఆటో డ్రైవర్లు, ఒకరిద్దరు కూరగాయల బండి వాళ్లు.

మొదటి వారం 38 మంది వచ్చారు. ఈ రోజు 11 మంది. ఇంటి బడ్జెట్, పొదుపు, బీమా, తర్వాత మ్యూచువల్ ఫండ్లు, సిప్ (నెలనెలా కొంత ఫండ్లలో వేయడం) అని వరుసగా చెప్పుకుంటూ వచ్చాం. బోర్డు, చార్టులు, ముద్రించిన కాగితాలు అన్నీ ఉన్నాయి. ఫ్యాన్లు కూడా బాగానే తిరుగుతున్నాయి.

రావడం మానేసిన ఒకావిడ మొన్న బస్టాపులో కనిపిస్తే ఎందుకు రావట్లేదమ్మా అని అడిగాను. "మంచిగనే చెప్తున్నరు సార్. మాకు పనికొచ్చేది చెప్పేటప్పుడు వస్తం" అంది. కోపంగా అనలేదు, నవ్వుతూనే అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇలాంటి పని చేసినవాళ్లు, ఇలాంటి బస్తీల్లో ఉంటున్నవాళ్లు ఎక్కడ తప్పు జరుగుతోందో చెప్పండి.

ఫైనలియర్_బీకాం | మార్చి 10, ఉదయం 7:05

సార్, మేముండేది మీ హాలుకు రెండు గల్లీల అవతలే. మా అమ్మ మూడిళ్లలో పనిచేస్తుంది. మీ క్లాసుకు రెండు వారాలు వచ్చింది.

ముందు టైము సంగతి చెబుతాను. ఐదింటికి అమ్మ ఇంకా రెండో ఇంట్లో గిన్నెలు తోముతూ ఉంటుంది. ఇంటికి వచ్చేసరికి ఆరున్నర. మీ క్లాసు కోసం ఆ రెండు వారాలూ ఒక ఇల్లు వదులుకుంది, వాళ్లు జీతంలో కోశారు.

రెండోది, మా ఇంట్లో దేవుడి పటాల వెనక ఒక కార్డు ఉంటుంది. అరచేయంత పసుపుపచ్చ అట్ట. పైన అమ్మ పేరు, తేదీ, 10,000 అని రాసి ఉంటుంది. లోపల అడ్డం పది, నిలువు పది, మొత్తం వంద గళ్లు. రోజూ రాత్రి ఎనిమిదింటికి ఒకతను బండి మీద వస్తాడు. వంద తీసుకుని ఒక గడిలో పెన్నుతో గీత గీసి వెళ్తాడు. మా దగ్గర గిరిగిరి అంటారు. ఇచ్చేటప్పుడే 1,500 పట్టుకుని చేతిలో 8,500 పెడతాడు. పాత కార్డు అయిపోగానే మార్చి 5 నుంచి కొత్త కార్డు మొదలైంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆ పటాల వెనక కార్డు లేని రోజు లేదు.

మీరు బోర్డు మీద "వచ్చిన దాంట్లో ముందు పదో వంతు పక్కన పెట్టాలి" అని రాసిన రోజు అమ్మ దగ్గర ఆ రాత్రి కట్టాల్సిన వంద కూడా లేదు. పక్కింటి అక్క దగ్గర చేబదులు తీసుకుంది. ఆ తర్వాత ఆదివారం నుంచి రాలేదు. మీ మీద గౌరవం లేక కాదు సార్. అక్కడ కూర్చుంటే తనే ఏదో తప్పు చేసినట్టు అనిపించిందంది.

లెక్కల_మాస్టారు | మార్చి 10, మధ్యాహ్నం 1:40

అమ్మాయి చెప్పిన కార్డే మీ మొదటి పాఠం కావాలండీ.

ఆ కార్డు గురించి ఎవరినైనా అడగండి, "పది వేలకు పదిహేను వందలు" అంటారు. అంటే నూటికి పదిహేను. బ్యాంకులో పన్నెండో పదమూడో ఉంటుంది, ఇతను ఇంటికొచ్చి ఇస్తున్నాడు, కాగితాలు అడగడు, తేడా ఏముంది అనుకుంటారు. అలా అనుకోవడంలో వాళ్ల తెలివితక్కువతనం ఏమీ లేదు. వడ్డీని కాలంతో కలిపి చూడాలని ఎవరూ చెప్పలేదు, అంతే.

ఇలా చేసి చూడండి. 85 చింతపిక్కలు తీసుకెళ్లి ఒకావిడ ముందు పోయండి. ఒక్కో పిక్క వంద రూపాయలు. రోజుకొకటి చొప్పున మీ చేతిలో వేయమనండి. 43వ రోజుకు కుప్పలో సగం పోయింది. అంటే 8,500 అప్పు అన్నారు గానీ అందులో సగం ఆవిడ దగ్గర నెలన్నర కూడా లేదు. 85వ రోజుకు కుప్ప ఖాళీ. కార్డులో ఇంకా 15 గళ్లు మిగిలే ఉన్నాయి. ఆ పదిహేను పిక్కలు ఎక్కడి నుంచి తేవాలి? ఇంట్లో బియ్యం డబ్బా లోంచి, పిల్లల బస్సు చార్జీల లోంచి. అక్కడ ఆగి ఎవరేం అంటారో వినండి.

రోజువారీగా లెక్క కడితే ఏడాదికి 120 శాతం అవుతుంది. కానీ దయచేసి శాతం అనే మాట వాడకండి. మనవాళ్లకు వడ్డీ రూపాయల్లోనే తెలుసు. పావలా వడ్డీ అంటే ఏడాదికి 3 శాతం, ముప్పావలా అంటే 9, రూపాయి అంటే 12, రెండు రూపాయలంటే 24. ఈ గిరిగిరి పది రూపాయల వడ్డీ. "నూటికి నెలకు పది రూపాయలు" అని చెబితే పక్కనున్నావిడ కూడా ఉలిక్కిపడుతుంది. పది రూపాయల వడ్డీకి అప్పు తెస్తానంటే ఏ ఇంట్లోనూ ఒప్పుకోరు. కార్డు రూపంలో వచ్చేసరికి ఆ పది రూపాయలు కంటికి కనపడవు.

మూడు_చక్రాలు | మార్చి 10, రాత్రి 11:15

మాస్టారూ, నాదీ ఒకసారి చూడండి. సొంత ఆటో కోసం లక్ష అప్పు తీసుకున్నా. మూడేళ్లు. "ఏడాదికి పద్నాలుగు" అన్నారు. నెలకు 3,944 కట్టినా. మూడేళ్లలో 1,42,000 అయింది. అంటే రూపాయి కంటే కొంచెం ఎక్కువ వడ్డీ అనుకున్నా. అంతేనా?

లెక్కల_మాస్టారు | మార్చి 11, ఉదయం 6:30

కాదు తమ్ముడూ. దాన్ని ఫ్లాట్ రేటు అంటారు. నువ్వు నెలనెలా అసలు తీరుస్తూనే ఉన్నావు, వడ్డీ మాత్రం చివరి నెల దాకా మొత్తం లక్ష మీదే వేశారు. తగ్గుతున్న అసలు మీద లెక్క కడితే నీకు పడింది ఏడాదికి సుమారు 24 శాతం. అంటే రెండు రూపాయల వడ్డీ. ఇంకోసారి ఎక్కడ అప్పు తీసుకున్నా "ఫ్లాటా, తగ్గే అసలు మీదా?" అని ఒక్క ప్రశ్న అడుగు.

బెజవాడ_ఆర్పీ | మార్చి 11, మధ్యాహ్నం 3:00

నేను విజయవాడలో పట్టణ పొదుపు సంఘాల రిసోర్స్ పర్సన్‌ని. మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) కింద పదకొండేళ్లుగా చేస్తున్నా. మాస్టారు గారు చెప్పింది బాగుంది. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి.

2015 డిసెంబరులో మా ఊళ్లో కాల్ మనీ వ్యవహారం బయటపడింది, చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఫోన్ చేస్తే చాలు, డబ్బు తెచ్చి ఇచ్చేవాళ్లు. ఖాళీ ప్రామిసరీ నోట్ల మీద, ఖాళీ చెక్కుల మీద సంతకాలు తీసుకునేవాళ్లు. తర్వాత ఆడవాళ్లను ఎంత హింస పెట్టారో పేపర్లలో వచ్చింది కొంతే. ఆ రోజుల్లో నా దగ్గరికి వచ్చి ఏడ్చినవాళ్లలో ఒక్కరూ అంతకు ముందు సంఘం మీటింగులో నోరు విప్పి అప్పుందని చెప్పలేదు. ఎందుకో తెలుసా? అప్పిచ్చినాయన భార్యో మరదలో అదే మీటింగులో కూర్చుని ఉండేది.

మీ హాల్లోనూ అంతే ఉంటుంది సార్. అందరి ముందు "మీకెంత అప్పుంది?" అని ఎప్పుడూ అడగొద్దు. పిక్కల ఆట అందరి ముందు ఆడండి, ఎవరి పేరూ రాకుండా. క్లాసు అయ్యాక ఓ మూల రెండు కుర్చీలేసుకుని కూర్చోండి. కాగితాలు ఉన్నవాళ్లు వాళ్లంతట వాళ్లే వస్తారు. మొదటి రెండు వారాలు ఎవరూ రారు. మూడో వారం ఒకావిడ వస్తుంది, "మా చెల్లెలికి ఒక అప్పుంది సార్" అంటుంది. ఆ చెల్లెలు ఆవిడేనని మీకు అర్థమవుతుంది. మీరు మాత్రం చెల్లెలి గురించే మాట్లాడండి.

నిజం_చెప్పాలి | మార్చి 11, రాత్రి 10:10

ఎవరినీ నొప్పించాలని కాదు గానీ ఒక మాట. నెలకు పన్నెండు వేలు వచ్చే ఇంటికి డబ్బు పాఠాలు చెప్పడం నాకు మింగుడుపడదు. అద్దె, గ్యాస్, బియ్యం, ఫీజులు పోతే మిగిలేదేమిటి? వాళ్లకు తక్కువైంది జీతం, జ్ఞానం కాదు. పన్నెండు వేలతో ఇల్లు నడిపే ఆవిడ దగ్గర మనమే నేర్చుకోవాలి. ముందు జీతాలు పెంచమని అడగండి.

ఫైనలియర్_బీకాం | మార్చి 12, ఉదయం 6:50

అన్నా, జీతం సంగతి మీరన్నది నూటికి నూరు నిజం. అమ్మకు మూడిళ్లలో కలిపి పదకొండు వేల ఎనిమిది వందలు. మూడేళ్లలో ఒక్క ఇంట్లోనే పెంచారు, అది కూడా మూడు వందలు.

కానీ నిన్న రాత్రి నేను కూర్చుని లెక్క వేశాను. ఏడాదికి మూడున్నర కార్డులు అవుతాయి. అంటే 5,250 రూపాయలు వడ్డీకే పోతున్నాయి. అమ్మ నెల జీతంలో దాదాపు సగం. ఆ డబ్బుకు ప్రతి ఏడూ అమ్మ పదమూడు రోజులు ఊరికే పనిచేస్తోంది. ఈ లెక్క నేను బీకాంలో చేరిన మొదటి ఏడాదే వేసి ఉండాల్సింది. పుస్తకంలో వడ్డీ లెక్కలు చేశాను, పటాల వెనక కార్డు తీసి చూడలేదు. జీతం పెరిగేదాకా ఆ ఐదు వేలు ఆపగలిగితే నాకది చిన్న విషయం కాదు.

నిజం_చెప్పాలి | మార్చి 12, ఉదయం 9:30

ఒప్పుకుంటున్నా అమ్మా. పొదుపు గురించి ఉపన్యాసం ఇవ్వడం వేరు, నువ్వు చెప్పింది వేరు. రెండోది చేస్తానంటే నేనూ ఆదివారం వస్తా, దగ్గర్లోనే ఉంటా. కుర్చీలు సర్దడానికైనా పనికొస్తా.

వరంగల్_వకీలు | మార్చి 13, సాయంత్రం 5:45

గిరిగిరి ఒక్కటే కాదు, ఇలాంటి బస్తీల్లో మైక్రోఫైనాన్స్ గ్రూపు అప్పులు, ఫోన్ యాప్ అప్పులు కూడా ఉంటాయి. 2010లో మన ఉమ్మడి రాష్ట్రంలో మైక్రోఫైనాన్స్ వసూళ్ల ఒత్తిడికి ఎన్ని కుటుంబాలు చితికిపోయాయో, ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ ఎందుకు తేవాల్సి వచ్చిందో పాతవాళ్లకు తెలుసు. రిజర్వ్ బ్యాంక్ 2022 ఏప్రిల్ 1 నుంచి అమలుచేసిన నిబంధనల్లో కొన్ని ప్రతి ఇంట్లో తెలియాలి.

ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబానికి తాకట్టు లేకుండా ఇచ్చేది మైక్రోఫైనాన్స్ అప్పు. ఇంటి అప్పుల వాయిదాలన్నీ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. ముందుగా తీర్చేస్తే జరిమానా వేయకూడదు. వసూలు మనిషి ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత రాకూడదు, ఫోన్ చేయకూడదు. తిట్టకూడదు, చుట్టాలకూ ఇరుగుపొరుగుకూ ఫోన్లు చేయకూడదు. రాత్రి తొమ్మిదింటికి వచ్చి గుమ్మంలో కూర్చుంటే అది వాళ్ల తప్పు, మీ పరువు తక్కువ కాదు. బస్తీలో ఈ ఒక్క మాట చెబితే చాలామంది నిటారుగా కూర్చుంటారు, నేను చూశాను.

ఇంకోటి. 2024 అక్టోబరు 1 నుంచి బ్యాంకయినా ఫైనాన్స్ కంపెనీ అయినా అప్పు ఇచ్చే ముందు ముఖ్య వివరాల పత్రం ఇవ్వాలి. అందులో అన్ని చార్జీలూ కలిపి ఏడాదికి నిజంగా ఎంత శాతం వడ్డీ పడుతుందో ఉంటుంది. అప్పు తీసుకునేవాళ్లకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. తెలుగులో అడగండి. ఆటో తమ్ముడికి అప్పట్లో ఈ కాగితం ఉండి ఉంటే 24 అని ముందే కనపడేది.

యాప్ అప్పు అయితే ఫోన్‌లోని కాంటాక్టులు, ఫొటోలు చూడటానికి అనుమతి అడిగిన క్షణమే ఆ యాప్ తీసేయండి. నిబంధనల ప్రకారం వాటిని ముట్టుకునే హక్కు వాళ్లకు లేదు. బెదిరింపులు వస్తే, డబ్బు పోతే 1930కి వెంటనే ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు దారిలో ఆగే అవకాశం అంత ఎక్కువ.

గిరిగిరి వాళ్లకు ఇవేవీ పట్టవు, వాళ్లలో చాలామందికి లైసెన్సే ఉండదు. అక్కడ బెదిరింపు వస్తే పోలీసుల దగ్గరికే వెళ్లాలి. ఖాళీ కాగితం మీద, ఖాళీ చెక్కు మీద సంతకం మాత్రం ఎవరికీ ఎప్పుడూ చేయొద్దు.

క్యాష్‌కౌంటర్ | మార్చి 16, రాత్రి 10:30

ఈ రోజు క్లాసు ఏడింటికి పెట్టాం. సిప్ చార్టు ఇంట్లోనే వదిలేశాను. ఒక డబ్బా నిండా చింతపిక్కలు తీసుకెళ్లాను, మా ఆవిడ చారుకు తీసిన చింతపండులోంచి ఏరి కడిగి ఆరబెట్టి ఇచ్చింది.

19 మంది వచ్చారు. కార్డు పేరు ఎత్తలేదు. "ఒకావిడ 8,500 తీసుకుంది, రోజుకు వంద ఇస్తుంది" అని మాత్రమే చెప్పి పిక్కలు పోశాను. వెనక వరసలోంచి ఒకావిడ లేచి వచ్చి కింద కూర్చుని తనే ఒక్కోటి తీసి వేయడం మొదలుపెట్టింది. నలభై దాటాక అందరూ గట్టిగా లెక్కపెట్టారు. ఎనభై అయిదు దగ్గర చేతికి ఏమీ తగల్లేదు. ఆవిడ ఖాళీ నేల మీద వేళ్లతో తడిమింది. "ఇంక పదిహేను రోజులుంది గద" అంది పక్కనుంచి ఇంకొకావిడ. హాలంతా కాసేపు ఎవరూ మాట్లాడలేదు. నా ఉద్యోగం మొత్తంలో ఎన్ని ట్రైనింగులు ఇచ్చానో, అలాంటి నిశ్శబ్దం ఎప్పుడూ వినలేదు.

తర్వాత రూపాయి వడ్డీ, రెండు రూపాయల వడ్డీ పట్టిక రాశాం. బంగారం మీద బ్యాంకు అప్పు ముప్పావలా దగ్గర మొదలవుతుందని చెబితే ఒకరు నమ్మలేదు. వచ్చే వారం ఆవిడతో బ్యాంకుకు వెళ్లి చూపిస్తానన్నాను.

ఆర్పీ గారూ, మూల కుర్చీ దగ్గరికి ఈ రోజే ఒకరు వచ్చారు. చెల్లెలి అప్పు గురించి అడిగారు.

నాన్న_గుర్తు | మార్చి 18, రాత్రి 12:05

ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. మీ క్లాసులో బీమా చెప్పే రోజు పనికొస్తుందని రాస్తున్నా.

మా నాన్న మేస్త్రీ. బ్యాంకు ఖాతా తెరిచినప్పుడు ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమాలో చేరాడు. ఏడాదికి 436 రూపాయలు. ఏ కారణంతో చనిపోయినా ఇంటికి 2 లక్షలు వస్తాయి. మే నెలాఖరులో ఖాతా లోంచి దానంతటదే కట్ అవుతుంది, జూన్ 1 నుంచి మే 31 దాకా వర్తిస్తుంది. ఒక ఏడాది మేలో నాన్న ఖాతాలో 210 రూపాయలే ఉన్నాయి. డబ్బు కట్ కాలేదు, పాలసీ ఆగిపోయింది. మెసేజ్ వచ్చిందేమో, మాకెవరికీ చదవడం రాలేదు. ఆగస్టులో నాన్న గుండెపోటుతో పోయాడు. అమ్మ పాస్‌బుక్ పట్టుకుని బ్రాంచికి వెళితే "రెన్యూ కాలేదమ్మా" అన్నారు. 226 రూపాయలు తక్కువయ్యాయి.

సార్, ఈ బీమాలు మంచివని చెప్పడం కాదు, మేలో ఖాతాలో డబ్బు ఉందో లేదో ఒక్కొక్కరి పాస్‌బుక్ చూసి చెప్పండి. అంతే నేను అడిగేది.

క్యాష్‌కౌంటర్ | మార్చి 18, ఉదయం 5:50

అమ్మా, చదివాను. మీ అమ్మగారికి నా నమస్కారం చెప్పండి.

నేను కౌంటర్‌లో ఉన్నప్పుడు ప్రతి మేలోనూ ఆ డెబిట్లు నడిచేవి. ఫెయిలైన ఖాతాల జాబితా కూడా వచ్చేది. ఆ జాబితాలోని పేర్లకు ఒక్కసారీ ఫోన్ చేయలేదు. మే రెండో వారం నుంచి మా క్లాసంతా పాస్‌బుక్కుల మీదే ఉంటుంది. జీవన్ జ్యోతికి 436, ప్రమాద బీమా సురక్ష యోజనకు 20, మొత్తం 456. జీవన్ జ్యోతిలో చేరడానికి వయసు 18 నుంచి 50, సురక్షకు 18 నుంచి 70. ఈ అంకెలు హాలు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయిస్తాను.

ఏజెంట్ల_బాధితురాలు | మార్చి 21, మధ్యాహ్నం 2:20

ఉచిత క్లాసు అనగానే జనం ఎందుకు వెనకాడతారో చెబుతాను. నాలుగేళ్ల క్రితం మా కాలనీలో ఇలాగే ఆర్థిక అవగాహన అని టీ, సమోసా ఇచ్చి కూర్చోబెట్టారు. మూడో రోజు ఫారాలు బయటికి తీశారు. ఏడాదికి 12,000 చొప్పున పదిహేనేళ్లు కట్టే పాలసీ. పిల్ల పెళ్లికి పనికొస్తుందన్నారు, సంతకం పెట్టాను. రెండో ఏడు కట్టలేకపోయాను. మొదటి పన్నెండు వేలూ పోయాయి.

పాలసీ కాగితాలు అందాక వద్దనుకుంటే గడువులోగా (అప్పట్లో 15 రోజులు, ఇప్పుడు 30) వెనక్కిచ్చేయొచ్చని నాకు మొన్నమొన్నటిదాకా తెలియదు. ఆడపిల్ల కోసమే అయితే పోస్టాఫీసులో సుకన్య సమృద్ధి ఉంది. ఏడాదికి 250 కట్టినా ఖాతా నడుస్తుంది, 8.2 శాతం వడ్డీ. పాపకు పదేళ్లు నిండకముందే తెరవాలి. నాకు ఆ రోజు చెప్పాల్సింది అది. మీరు ఏమీ అమ్మరని, ఎవరి ఆధార్ కాపీ తీసుకోరని, ఎవరి ఫోన్ ముట్టుకోరని ప్రతి క్లాసు మొదట్లో చెప్పండి.

లీడ్‌బ్యాంక్_ఉద్యోగి | మార్చి 22, ఉదయం 10:00

క్యాష్‌కౌంటర్ గారికి తెలిసే ఉంటుంది, మిగతా ఊళ్ల వాళ్ల కోసం రాస్తున్నా. ప్రతి జిల్లాకు ఒక లీడ్ బ్యాంకు (జిల్లాలోని బ్యాంకుల పనిని సమన్వయం చేసే బ్యాంకు), ఒక లీడ్ డిస్ట్రిక్ట్ మేనేజర్ ఉంటారు. బ్యాంకులు నడిపే ఆర్థిక అక్షరాస్యతా కేంద్రాల్లో కౌన్సెలర్లు ఉంటారు, పిలిస్తే బస్తీకి వచ్చి ఉచితంగా చెబుతారు. ఒక ఉత్తరం రాస్తే చాలు. రిజర్వ్ బ్యాంక్ పుస్తకాలు తెలుగులో ఉన్నాయి. వాళ్లను పిలవడం వల్ల ఇంకో లాభం ఉంది. బ్రాంచిలో ఎవరైనా ఇబ్బంది పెడితే రేపు ఫోన్ చేసి అడగడానికి ఒక మనిషి పరిచయమవుతారు.

ఫైనలియర్_బీకాం | ఏప్రిల్ 12, సాయంత్రం 4:30

ఆ పరిచయం ఎందుకు కావాలో నిన్న తెలిసింది. అమ్మ పాత ఖాతా వాడక మూతపడిపోయింది. కొత్తది తెరుద్దామని ఇద్దరం ఒక బ్రాంచికి వెళ్లాం. కౌంటర్‌లో ఆయన తల ఎత్తకుండానే "మూడు వేలు మినిమమ్ బ్యాలెన్స్" అన్నాడు. అమ్మ నా చెయ్యి పట్టుకుని బయటికి లాగింది. నేను కదల్లేదు. "బేసిక్ సేవింగ్స్ ఖాతా కావాలి సార్. మినిమమ్ బ్యాలెన్స్ ఉండదు, ఏటీఎం కార్డు ఉచితం, నెలకు నాలుగు విత్‌డ్రాలు" అని హాలు గోడ మీద చదివింది చదివినట్టు చెప్పాను. అప్పుడు తల ఎత్తాడు. ఫారం ఇచ్చాడు. ఇవ్వకపోతే బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయొచ్చని, 30 రోజుల్లో తేల్చకపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్ (బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి పైసా ఖర్చు లేకుండా వెళ్లొచ్చని, వివరాలకు 14448 ఉందని కూడా రాసుకుని వెళ్లాను. అవసరం పడలేదు.

బయటికొచ్చాక అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. బస్సులో కూర్చున్నాక "నాకు కూడా అట్ల అడగటం నేర్పు" అంది.

గల్లీ_చీటీ | ఏప్రిల్ 20, రాత్రి 9:00

చీటీల గురించి ఎవరూ రాయలేదేం? మా దగ్గర పొదుపంటే చీటీయే. మా గల్లీలో ఒకావిడ ఇరవై మందితో వేసేది. పద్నాలుగో నెల ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయింది. నావి 28,000.

వరంగల్_వకీలు | ఏప్రిల్ 21, ఉదయం 8:15

బాధగా ఉందండీ. 1982 చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం రిజిస్ట్రార్ అనుమతి లేకుండా చీటీ నడపకూడదు. రిజిస్టర్డ్ చీటీకి నడిపేవాళ్లు రిజిస్ట్రార్ దగ్గర డిపాజిట్ ఉంచాలి, సభ్యులకు ఒప్పందం కాపీ ఇవ్వాలి. వాళ్ల కమీషన్ 7 శాతం దాటకూడదు. గల్లీ చీటీలో నమ్మకం తప్ప ఇవేవీ ఉండవు. మీరు కట్టిన చీటీల పుస్తకం, ఫోన్‌పే వివరాలు, వాట్సాప్ మెసేజ్‌లు ఏవైనా ఉంటే పారేయకండి. మిగతా పంతొమ్మిది మందితో కలిసి పోలీసు ఫిర్యాదు ఇవ్వండి. విడివిడిగా వెళ్తే ఎవరూ పట్టించుకోరు.

బెజవాడ_ఆర్పీ | మే 4, మధ్యాహ్నం 12:40

సార్, జూన్ గురించి ఇప్పుడే మాట్లాడాలి. బస్తీలో అప్పులకు ఒక క్యాలెండర్ ఉంటుంది. జూన్‌లో బడి ఫీజులు, పుస్తకాలు, యూనిఫాం. మీ హైదరాబాద్‌లో ఆషాఢంలో బోనాలు. తర్వాత దసరా. కొత్త కార్డులు ఎక్కువగా జూన్‌లోనే మొదలవుతాయి. బోర్డు మీద పన్నెండు నెలలు రాసి, ఏ నెల ఏ ఖర్చో వాళ్లతోనే రాయించండి.

ఆగిపోయిన పొదుపు సంఘాలు ఉంటే లేపండి. వారంవారం మీటింగు, వారంవారం పొదుపు, సొంత పొదుపు లోంచే అంతర్గత అప్పులు, సమయానికి తిరిగి కట్టడం, పుస్తకాలు సరిగ్గా రాయడం, ఈ అయిదే పంచసూత్రాలు. ఆరు నెలలు బాగా నడిస్తే బ్యాంకు లింకేజీకి, అంటే సంఘానికి బ్యాంకు అప్పుకు అర్హత వస్తుంది. కానీ జూన్ ఫీజుకు బ్యాంకు దాకా వెళ్లక్కర్లేదు, సంఘం పొదుపు లోంచి రూపాయి వడ్డీకి తీసుకుంటే సరిపోతుంది. పది రూపాయల వడ్డీ ఎక్కడ, రూపాయి వడ్డీ ఎక్కడ. ఆ రూపాయి కూడా మళ్లీ వాళ్ల సంఘానికే వస్తుంది.

క్యాష్‌కౌంటర్ | మే 25, రాత్రి 10:00

పాస్‌బుక్కుల పని ముగిసింది. మూడు ఆదివారాల్లో 44 పాస్‌బుక్కులు చూశాం. నిజం_చెప్పాలి గారు బల్ల వేసుకుని అన్నిటికీ పట్టిక రాశారు. 17 మంది ఖాతాల్లో 456 కంటే తక్కువ ఉంది. పేరుపేరునా చెప్పాం, పద్నాలుగు మంది వేసేశారు. మిగతా ముగ్గురి ఇళ్లకు రేపు వెళ్తాను. ఇద్దరికి బీమా ఉందన్న సంగతే తెలియదు, పాస్‌బుక్‌లో పాత డెబిట్ చూపిస్తే "ఎవడో కాజేస్తున్నడనుకున్న" అంది ఒకావిడ.

నాన్న_గుర్తు గారూ, మీరు రాసింది పేరు లేకుండా క్లాసులో చదివి వినిపించాను. 226 అన్న అంకె దగ్గర ఒక పెద్దావిడ లేచి సంచి తీసుకుని వెళ్లిపోయింది. కోపం వచ్చిందేమో అనుకున్నాను. అరగంటకు పాస్‌బుక్‌తో తిరిగి వచ్చింది.

నాన్న_గుర్తు | మే 26, ఉదయం 6:10

అమ్మకు చదివి వినిపించాను సార్. ఆ ముగ్గురి ఇళ్లకూ తప్పకుండా వెళ్లండి.

క్యాష్‌కౌంటర్ | మే 26, రాత్రి 8:45

వెళ్లొచ్చానమ్మా. ముగ్గురూ వేశారు.

ఫైనలియర్_బీకాం | జూన్ 13, ఉదయం 7:20

నిన్న బడులు తెరిచారు. తమ్ముడు తొమ్మిదిలోకి వచ్చాడు. అదే రోజు రాత్రి అమ్మ కార్డులో నూరో గడి కూడా నిండింది.

ఎప్పటిలాగే అతను జేబులోంచి కొత్త కార్డు తీశాడు, పేరు రాయబోయాడు. అమ్మ గుమ్మంలో నిలబడి "ఈసారి వద్దన్నా" అంది. ఫీజు ఎట్ల కడతవు అని అడిగాడు. కట్టేసిన అంది. ఆగిపోయిన అమ్మ వాళ్ల సంఘం మేలో మళ్లీ మొదలైంది, పాత పొదుపు బ్యాంకులో అలాగే ఉంది. అందులోంచి 6,000 తీసుకుంది, రూపాయి వడ్డీ, పది నెలల్లో కట్టాలి. అప్పు ఇంకా ఉంది. కానీ రాత్రి ఎనిమిదింటికి బండి చప్పుడు వింటే అమ్మ గబగబా కొంగు ముడి విప్పి చూసుకునే పని ఈ రోజు ఉండదు.

అతను కాసేపు నిలబడి, "అవసరమైతే ఫోన్ చెయ్యి అక్కా" అని వెళ్లాడు. నెంబరు అమ్మ ఫోన్‌లో అలాగే ఉంది. నేను తీసేయమనలేదు. అది అమ్మ తేల్చుకోవాలి.

నిండిన కార్డు అమ్మ పారేయలేదు. ఆదివారం క్లాసుకు తెస్తానంది. ఎవరికైనా చూపించాలంటే తన పేరు చెప్పి చూపించమంది.

లెక్కల_మాస్టారు | జూన్ 13, ఉదయం 8:00

అమ్మా, మీ అమ్మగారిని ఈసారి పిక్కల లెక్క తనే చెప్పమను.

క్యాష్‌కౌంటర్ | జూన్ 13, ఉదయం 8:25

ఆదివారం ఏడింటికి. పిక్కల డబ్బా హాల్లోనే ఉంది, కిటికీ పక్క అల్మరాలో కింది అరలో. తాళంచెవి వాచ్‌మన్ దగ్గరుంది. నేను పది నిమిషాలు ఆలస్యంగా వస్తాను, మీరు మొదలుపెట్టేయండి.